60 లక్షలంటే ఎంత?

చరిత్ర పాఠంలో చనిపోయినవాళ్ళ లెక్క మన పిల్లలు గడగడా అప్పజెపుతారు. ఆ లెక్క వెనుక మనుషులున్నారని తెలియజెప్పడమే కష్టం.

అమెరికాలో, టెనెస్సీ రాష్ట్రంలో విట్‌వెల్ అని ఒక చిన్న ఊరు. హిట్లరు కాలంలో నాజీలు 60 లక్షలమంది యూదులను చంపారని 1998లో అక్కడి బడిపిల్లలు చదువుకున్నారు. 60 లక్షలంటే ఎంతో వాళ్ళ ఊహకు అందలేదు. సరే, మనిషికొకటి చొప్పున కాగితాలకు పెట్టే క్లిప్పులు పోగుచేద్దామనుకున్నారు. క్లిప్పులే ఎందుకంటారా? జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు నార్వే ప్రజలు నిరసనగా కోటుకు క్లిప్పు పెట్టుకునేవారట. ఉత్తరాలు రాయగా రాయగా దేశదేశాల నుంచి 3 కోట్లకు పైగా వచ్చాయి. కొందరు పోయిన తమవారి పేరు కూడా రాసి పంపారు.

ఆనాటి జర్మను రైలుపెట్టె ఒకటి తెప్పించి, 1 కోటి 10 లక్షల క్లిప్పులు అందులో ఉంచారు. 60 లక్షలు యూదులకు, తక్కినవి నాజీల చేతుల్లో పోయిన ఇతరులకు. 2001 నవంబరులో దాన్ని స్మారకంగా ప్రారంభించారు. పెట్టె ఎందుకంటే, మన గార్ల స్టేషను మీదుగా పోయే గూడ్సు పెట్టెల వంటివాటిలోనే ఆ మనుషులను కుక్కి చావుకు తోలారు.

మనకూ అలాంటి గాయముంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరివాళ్ళను కాల్చి చంపారు. పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు చింతగింజలు దగ్గర పెట్టుకోండి. ఒక్కో మనిషికి ఒక్కో గింజ పక్కన పెట్టించండి, తొందరపడకుండా. పేరు తెలిస్తే పేరు కూడా పలికించండి. వేళ్ళతో లెక్కించిన దుఃఖం పిల్లల మనసులో నిలుస్తుంది.