4.3 మత్తుమందు మోతాదు: స్వయంచాలక నియంత్రణ

ఇస్త్రీపెట్టె తగినంత వేడెక్కగానే థర్మోస్టాట్ కరెంటును ఆపడం మీరు గమనించే ఉంటారు. శస్త్రచికిత్సలో మత్తుమందును కూడా ఇదే ఫీడ్‌బ్యాక్ సూత్రంతో ఇవ్వవచ్చు.

నుదుటిపై అతికించిన సెన్సార్ మెదడు విద్యుత్ తరంగాలను గ్రహిస్తుంది. మానిటర్ వాటిని 0–100 మధ్య ఉండే బిస్ సూచికగా మారుస్తుంది. సాధారణంగా శస్త్రచికిత్సకు ఇది 40–60 మధ్య ఉండాలి. సూచిక పెరిగితే కంప్యూటర్ పంపు ద్వారా ప్రొపొఫాల్‌ను పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. చండీగఢ్ పీజీఐలో రూపొందించిన క్లాడ్స్ ఇటువంటి వ్యవస్థే.

అయితే, సిరలోకి ఎక్కించిన మందు మెదడుపై పనిచేయడానికి కొంత సమయం పడుతుంది. ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా మోతాదు పెంచుతూ పోతే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాటరీ పరికరం వాడినప్పుడు సంకేతం కూడా చెదిరిపోవచ్చు. అందువల్ల యంత్రం ఉన్నా మత్తు వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: సెన్సార్ ఊడిపోతే కంప్యూటర్ తనంతట తాను మోతాదు మార్చడం ఎందుకు ఆపాలి?