అద్దం మీది అమానతు

మా హాలియా 65వ నంబరు జాతీయ రహదారి మీద లేదు. అయినా మా చుట్టరికాలన్నీ ఆ దారి వెంటే ఉన్నాయి. సూర్యాపేటలో ఆడపడుచు ఇల్లు, కోదాడలో ఖాలా ఇల్లు, విజయవాడలో పెద్ద కోడలి పుట్టిల్లు. పెళ్లికైనా, ఆసుపత్రికైనా, హజ్ యాత్రికులను సాగనంపడానికైనా ఏదో ఒక టోల్ ప్లాజా దాటక తప్పదు.

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మా ఫోనుకు సందేశం వచ్చి ఉంది. కొర్లపహాడ్ ప్లాజా వద్ద మా ఫాస్టాగ్ నుంచి డబ్బు తీసుకున్నట్లు అందులో ఉంది. మేము ఆ రోజు ఊరు దాటనే లేదు. మాకు కారు కూడా లేదు. మూడు నెలల క్రితమే దానిని మిర్యాలగూడ వాసి ఒకరికి అమ్మివేశాము. పాత సందేశాలు వెదికితే అంతకుముందు కూడా నాలుగుసార్లు అలాగే డబ్బు పోయినట్లు తెలిసింది.

కోపంతోనే ఆయనకు ఫోను చేశాము. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అన్నా, ట్యాగు అద్దానికి అంటించి ఉంది కదా, బండితోపాటే వచ్చిందనుకున్నాము" అన్నారు. ఆ సాయంత్రమే లెక్క చూసి మొత్తం పంపించారు. తప్పు ఆయనది కాదు, మాది. అమ్మిన రోజున ఆర్‌సీ కాగితాలు, తాళాలు ఇచ్చాము గాని ట్యాగును మూసివేయించలేదు.

విషయం అంతటితో ముగిసిందని సంతోషిస్తుంటే, మంచం మీద కూర్చుని అంతా వింటున్న మా అబ్బా ఒక ప్రశ్న వేశారు: "మీ మామూ కారు తీసుకుని విజయవాడ పెళ్లికి వెళ్లారు కదా, ఆ టోల్ ఎవరిచ్చారు?"

మా వద్ద సమాధానం లేదు. పెట్రోలు మేమే పోయించాము. టోల్ సంగతి తలపుకే రాలేదు. దారిలో ఎవరూ చేయి చాచి అడగలేదు, మేము ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టలేదు. అయినా చిల్లకల్లు ప్లాజా దాటిన ప్రతిసారీ మామూ ఖాతాలో సొమ్ము తరిగింది. పెద్దరికం అడ్డువచ్చి ఆయన అడగలేదు. కనబడకుండా పోయే సొమ్ము కనబడని రుణంగా మిగిలిపోతుందని ఆ రోజు మాకు బోధపడింది.

ట్యాగు అంటే ఏమిటి?

ఫాస్టాగ్ అనేది వాహనానికి కట్టిన డబ్బు సంచి వంటిది. అద్దం మీది ఆ చిన్న పత్రంలో ఉండే చిప్‌ను ప్లాజా వద్ద పైన అమర్చిన యంత్రం రేడియో తరంగాలతో చదువుతుంది. ఆ ట్యాగుకు ముడిపడిన ఖాతా నుంచి రుసుము తీసుకుంటుంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల ప్లాజాలలో ఇది తప్పనిసరి అయింది. 2025 నవంబరు 15 నుంచి, చెల్లుబాటయ్యే ట్యాగు లేనివారు నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐ ద్వారా ఇస్తే ఒకటింబావు వంతు చెల్లించే నిబంధన వచ్చింది. అంటే ఆ నిబంధన వచ్చినప్పుడు, ట్యాగు ఉన్నవారికి వంద రూపాయలయ్యే చోట, లేనివారికి యూపీఐతో నూట పాతిక, నగదుతో రెండు వందలు అయ్యేవి. అజాగ్రత్తకు చెల్లించే ఈ అదనపు సొమ్ము కూడా ఒక విధంగా దుబారాయే.

తీసుకునేటప్పుడు

ట్యాగును అనుమతి పొందిన బ్యాంకుల వద్ద గాని, ప్లాజాల సమీపంలోని వారి కౌంటర్లలో గాని తీసుకోవచ్చు. ఆర్‌సీ, యజమాని గుర్తింపు పత్రం అవసరమవుతాయి. ట్యాగు ధర, తిరిగి వచ్చే డిపాజిట్టు, వాడుకునే నిల్వ వేర్వేరు పద్దులు. ఏది ఎంతో అడిగి రశీదు తీసుకోవాలి.

కొత్త కారు కొన్నప్పుడు షోరూమువారే ట్యాగు అంటించి ఇస్తారు. దానికి ఎవరి ఫోను నంబరు జతచేశారో తప్పక చూసుకోవాలి. నంబరు డ్రైవరుదో, ఏజెంటుదో అయితే డబ్బు ఎప్పుడు ఎక్కడ పోయిందో యజమానికి తెలియదు. ఒక వాహనానికి ఒకే ట్యాగు ఉండాలి. ఒక బండి ట్యాగును మరొక బండికి వాడరాదు. కారు ట్యాగును లారీకి పెట్టి తక్కువ రుసుముతో దాటించడం తెలివి కాదు, మోసమే. కొలతలలో, తూకాలలో తగ్గించేవారిని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలియనిది కాదు.

ట్యాగును అద్దం లోపలివైపు, మధ్య భాగంలో అంటించాలి. చేతిలో పట్టుకుని చూపించే అలవాటు మానుకోవాలి. అలా వాడే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెట్టాలని జాతీయ రహదారుల సంస్థ 2025లో నిర్ణయించింది.

ప్రయాణానికి ముందు

ప్లాజా ముందు వరుసలో నిలబడి రీచార్జి చేయడం కన్నా ఇంటి వద్దనే నిల్వ చూసుకోవడం మేలు. సంక్రాంతి రోజులలో పంతంగి, కొర్లపహాడ్ ప్లాజాల వద్ద బారులు ఎలా ఉంటాయో ఈ ప్రాంతం వారికి చెప్పనవసరం లేదు. మన ఒక్క బండి ఆగితే వెనుకనున్న అంబులెన్సు కూడా ఆగవచ్చు.

నిల్వ సరిపడా ఉండి, ట్యాగు సక్రమంగా ఉండి, ప్లాజా యంత్రమే పనిచేయకపోతే రుసుము లేకుండా వెళ్లనివ్వాలన్నది నిబంధన. అటువంటప్పుడు సున్నా రశీదు అడిగి తీసుకోవచ్చు. ఇరవై నాలుగు గంటలలో అదే ప్లాజా మీదుగా తిరిగి వస్తే రానుపోను కలిపి ఒకటిన్నర వంతు రుసుమే పడాలి. అంతకు మించి తీసుకుంటే ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033. మన హక్కును మర్యాదగా అడగడం తగవు కాదు.

తరచు ప్రయాణించే సొంత కార్లకు 2025 ఆగస్టు 15 నుంచి వార్షిక పాసు వచ్చింది. ప్రారంభ ధర మూడు వేల రూపాయలు. ఏడాది గడువు లేదా రెండు వందల దాటింపులు, ఏది ముందు పూర్తయితే అంతవరకే చెల్లుతుంది. కోదాడ నుంచి హైదరాబాదు వెళ్లి రావడానికి కొర్లపహాడ్, పంతంగి రెండేసిసార్లు, అంటే నాలుగు దాటింపులు. ఆ లెక్కన యాభై రాకపోకలు వస్తాయి. నెలకు ఒకసారి కూడా వెళ్లని కుటుంబం తన లెక్క చూసుకుని నిర్ణయించుకోవాలి. ఈ పాసు టాక్సీలకు, లారీలకు వర్తించదు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా చెల్లదు. అక్కడ మామూలుగానే డబ్బు తీసుకుంటారు. పాసును రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో గాని, జాతీయ రహదారుల సంస్థ అధికారిక వెబ్‌సైటులో గాని మాత్రమే తీసుకోవాలి. ఫోనుకు వచ్చే లింకులను నమ్మి ఓటీపీ చెప్పరాదు.

అమ్మినప్పుడు, అడిగి తీసుకున్నప్పుడు

వాహనం అమ్మిన రోజే బ్యాంకుకు తెలియజేసి ట్యాగు మూసివేయించాలి. మిగిలిన నిల్వను, డిపాజిట్టును తిరిగి తీసుకోవాలి. కొన్నవారు తమ పేరున కొత్త ట్యాగు తీసుకోవాలి. పాత ట్యాగుతో తిరుగుతుంటే, పోయేది అమ్మినవారి సొమ్మని తెలుసుకోవాలి.

ఇక బంధువుల కారు అడిగి తీసుకున్నప్పుడు కారే కాదు, దాని అద్దం మీద ఉన్న సొమ్ము కూడా మన చేతికి వచ్చిన అమానతే. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమన్న దైవాజ్ఞ అన్ నిసా సూరాలో ఉంది. ఆ ఆజ్ఞకు మొత్తం చిన్నదా పెద్దదా అన్న భేదం లేదు. ఇచ్చినవారు సంతోషంగా వద్దంటే అది వారి ఔదార్యం. అడగలేదు కాబట్టి ఇవ్వనవసరం లేదనుకోవడం మాత్రం సరికాదు.

ఆ రాత్రే మామూకు ఫోను చేసి, టోల్ లెక్క చెప్పమన్నాము. ఆయన నవ్వి, "దానికేముందిలే బేటా" అన్నారు. అబ్బా మా చేతిలోని ఫోను తీసుకుని, "నువ్వు మాఫ్ చేస్తే అది నీ ఇష్టం. అడగడం మాత్రం వీళ్ల బాధ్యత" అన్నారు. కొంతసేపటికి మామూ లెక్క పంపించారు. డబ్బు పంపి పడుకున్నాము.

ఇప్పుడు మా ఇంట ఎవరి కారు తీసుకున్నా, తాళం తిరిగి ఇచ్చేటప్పుడే టోల్ సొమ్ము కూడా ఇచ్చివేస్తున్నాము.