నాణెము మనదే, నాకా ఎవరిది?

కత్తి దూయకయే ఒక దేశమును లొంగదీయుటకు నేటి ప్రభుత్వములు వాడు సాధనము ఆర్థికాంక్షలు. సరుకు రానీయరు, పోనీయరు. బ్యాంకులలోని సొమ్మును కదలనీయరు. ఇట్టి కట్టడిని తప్పించుకొనుటకు క్రిప్టో నాణెము కొందరికి అక్కరకు వచ్చుచున్నదని వార్తలలో తరచు వినుచున్నాము. ఏ ప్రభుత్వపు ముద్రయు లేని ఆ నాణెముతో ఇది ఎట్లు సాధ్యము? ఎంతవరకు సాధ్యము? నిజామాబాదు, బోధను ప్రాంతముల శ్రోతలకు ఈ సంగతి విప్పి చెప్పుటకు దూరము పోనక్కరలేదు. ఇచ్చటి పెద్దలు 1948లో ఒక దిగ్బంధము నడుమ, తమ సంస్థానపు సొంత నాణెముతో కాలము గడిపినవారే.

ఆ నాణెము హాలీ సిక్కా. బయటి రూపాయిని మనవారు కల్దారు అనెడివారు. 1950 తరువాత రెండును కలిసి చెల్లిన కాలమున ఏడు హాలీలకు ఆరు కల్దార్లని లెక్క కట్టిరి. 1959లో గాని హాలీ పూర్తిగా రద్దు కాలేదు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక కుదిరిన కొలదికాలమునకే నిజాం ప్రభుత్వము కల్దారు చెల్లదని శాసనము చేసెను. భారత ప్రభుత్వము దీనిని ఒడంబడికకు విరుద్ధమనెను. మరుసటి యేడు సరిహద్దులలో సరుకుల రాకపోకలు బిగిసినవి. దిగ్బంధము విధించినట్లు ఢిల్లీ ఒప్పుకొనలేదు. హైదరాబాదు మాత్రము 1948 ఆగస్టులో ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసెను.

ఇచ్చట హాలీ యొక్క బలమును బలహీనతయు ఒక్కచోటనే కనబడును. 1937లో నెలకొనిన బోధను చక్కెర కర్మాగారమునకు నిజాంసాగరు నీటితో పండిన చెరకును తోలిన రైతు, తన చేతి హాలీతో నిజామాబాదు గంజిలో జొన్నలు కొనవచ్చును. ఆ బేరమును ఆపు శక్తి ఢిల్లీకి లేదు. కాని పెట్రోలు, మందులు, యంత్రముల విడిభాగములు సంస్థానములో పుట్టునవి కావు. సంస్థానమునకు రేవు లేదు. మన్మాడు దాటి, బెజవాడ దాటి రావలసిన సరుకునకు వర్తకుడు అడుగునది కల్దారు, విదేశీయుడు అడుగునది పౌండు. హాలీ కరోడ్‌గిరి నాకా వరకే రాజు.

కావున పాలకులు నాకా తప్పు దారి వెదకిరి. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా విమానచోదకుడు 1948 వేసవిలో కరాచీనుండి రాత్రివేళల ఆయుధములు తెచ్చి దింపెను. లండనులోని వెస్ట్‌మినిస్టరు బ్యాంకులో హైదరాబాదు ప్రభుత్వపు పౌండ్లుండెను. సెప్టెంబరు 17న సంస్థానము లొంగిపోయెను. మూడవ దినమున, అనగా 20న, ఆ ఖాతానుండి 10,07,940 పౌండ్లు పాకిస్తాను హైకమిషనరు రహింతూలా పేరునకు మారినవి. తన అనుమతి లేదని నిజాం అభ్యంతరము చెప్పగా బ్యాంకు ఆ సొమ్మును బిగించినది. అది ఆయుధముల వెల అని తరువాత పాకిస్తాను వాదించినను, 2019 అక్టోబరులో లండను హైకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ ధనము భారతదేశమునకును నిజాం వారసులకును చెందునని తీర్పిచ్చెను. డెబ్బదియొక సంవత్సరములు ఒక బ్యాంకు గుమాస్తా చిట్టాలో ఆ పద్దు కదలక నిలిచినది!

క్రిప్టో నాణెము తొలగింపజూచినది సరిగా ఈ గుమాస్తానే. 2009లో మొదలైన బిట్‌కాయినునకు చిట్టా ఒకచోట ఉండదు. దాని ప్రతులు లోకమంతట వేలాది కంప్యూటర్లలో ఉండును. రహస్యపు తాళపు సంఖ్య గలవాడు పంపిన సొమ్మును ఏ బ్యాంకును ఆపజాలదు. ఉత్తర కొరియా ఈ దారిని బాగుగా కనుగొన్నది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అను విపణినుండి పోయిన సుమారు 150 కోట్ల డాలర్ల దొంగతనము ఆ దేశపు పనియేనని అమెరికా ఎఫ్.బి.ఐ. ప్రకటించెను.

అయినను ఆ నాణెముతో బియ్యము, ఇంధనము కొనవలెనన్న దానిని డాలరుగనో యువానుగనో మార్చు వాడొకడు కావలెను. నాకా మరల అచ్చటనే. పైగా ఆ చిట్టా బహిరంగము. సొమ్ము నడచిన ప్రతి అడుగు అందులో చెరగక నిలుచును. డాలరుతో ముడిపడిన టెథరు వంటి నాణెములకు జారీచేయు సంస్థ యున్నది, అది తలచిన ఘడియలో వాటిని స్తంభింపజేయగలదు. రష్యా విపణి గారాంటెక్సును అమెరికా 2022 ఏప్రిలులో నిషేధించెను. అది సుమారు మూడేండ్లు వ్యాపారము సాగించెను. 2025 మార్చిలో టెథరు సంస్థ దాని నాణెములను బిగించినప్పుడు మూతబడెను. మూడేండ్లు అనునది చిన్న వ్యవధి కాదని మేమెరుగుదుము. ఆంక్షలు వమ్మయినవనువారును, క్రిప్టో వలన ఏమియు కాదనువారును ఈ రెండు తేదీలను కలిపి చూడవలెను.

గల్ఫునకు పోయినవారున్న మన ఇండ్లలో హవాలా అను మాట వినని వారు లేరు. సొమ్ము సరిహద్దు దాటదు. అచ్చట ఒకడు పుచ్చుకొనును, ఇచ్చట మరియొకడు ఇచ్చును. క్రిప్టోను రొక్కముగ మార్చు దళారులు చేయునదియు ఇట్టిదే, వారికి కావలసినవి ఊరూపేరూ గల మామూలు బ్యాంకు ఖాతాలు. కమీషను ఇత్తుము, ఖాతా వాడుకొననిండని అడుగుట అందుకే. 2023 మార్చి నుండి మన దేశమున క్రిప్టో విపణులు మనీ లాండరింగు నిరోధక చట్టము క్రిందికి వచ్చినవి. పోలీసులు సొమ్ము జాడ పట్టి వచ్చినప్పుడు మొదట స్తంభించునది అట్లు అరువిచ్చిన ఖాతాయే. రహస్యపు సంఖ్య గలవాడు అప్పటికి మరియొక దేశమున నుండును.