అనర్హునికి అనుగ్రహం: క్రైస్తవ విశ్వాసంలో కృపాతత్త్వం

దయ, జాలి, కరుణ, కనికరం, కృప అనే పదాలను మనం నిత్యవ్యవహారంలో ఇంచుమించు ఒకే అర్థంలో వాడుతూ ఉంటాం. క్రైస్తవ వేదాంతులు మాత్రం ఈ పదాల మధ్య ఒక గీత గీశారు. శిక్షార్హుడైన వానికి శిక్షను తప్పించడం కనికరం. ఏ యోగ్యతా లేనివానికి తనంతట తానుగా మేలు చేయడం కృప. క్రొత్త నిబంధన గ్రంథం గ్రీకు భాషలో వ్రాయబడింది. అందులోని 'ఖారిస్' అన్న మాటకే తెలుగు బైబిలులో 'కృప' అని అనువాదం. అడగకుండా, బదులు ఆశించకుండా ఇచ్చిన కానుక అన్న ఛాయ ఆ గ్రీకు పదంలో కలదు.

పాత నిబంధనలోని హీబ్రూ భాషకు వెళితే మన ఉర్దూ విభాగం విద్యార్థులకు మరింత పరిచితమైన మాట ఎదురవుతుంది. కనికరాన్ని హీబ్రూలో 'రహమీమ్' అంటారు. అది గర్భాశయ వాచకమైన 'రెహెమ్' శబ్దంతో సంబంధం గలది. అరబ్బీలోని రహ్మత్, రహ్మాన్, రహీమ్ అనే పదాలకూ ధాతువు ఇదే. తల్లి కడుపుకూ దైవకరుణకూ ఒకే మూలపదం ఉండటం ఈ రెండు సోదర భాషల సొగసు. కాబట్టి దేవుడు కరుణామయుడా కాదా అన్నచోట క్రైస్తవులకూ ఇతర ఏకేశ్వరవాదులకూ పేచీ లేదు. ఆ కరుణ పాపిని చేరే మార్గం ఏది, చేరిన తరువాత అతనిని ఏమి చేస్తుంది అన్నచోటనే విచారణ మొదలవుతుంది.

అన్నింటికంటె ముందు ఏ సామాన్యునికైనా తోచే ఆక్షేపణ ఒకటి ఉన్నది. పాపికి క్షమ ఉచితంగా లభించేటట్లయితే నీతిగా బ్రతికినవాడు కట్టుకొన్నదేమిటి? పాపం చేయడం మరింత సులువు కాదా? ఇది పరమతస్థులు కల్పించిన ఆక్షేపణ కాదు. రోమా నగరంలోని క్రైస్తవులకు పౌలు వ్రాసిన పత్రికలో ఈ ప్రశ్నను ఆయనే లేవనెత్తుకొని, ఆయనే గట్టిగా త్రోసిపుచ్చాడు. ఈ పౌలు పూర్వాశ్రమంలో సౌలు. క్రైస్తవులను వెంటాడి హింసించినవాడు, స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపుతుంటే సమ్మతించి చూస్తూ నిలిచినవాడు. అతడు కృపను గురించి వ్రాసిన మాటలకు పుస్తకపాండిత్యం కంటె మించిన ఆధారం ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు.

కృప వలన పాపానికి చనువు కలుగుతుందేమోనన్న భయం క్రైస్తవ సమాజంలో ఎంత లోతుగా పాతుకొని ఉండెనో తెలిపే ఉదంతం ఒకటి వ్రాతప్రతుల చరిత్రలో లభిస్తుంది. యోహాను సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచార నేరంపై పట్టుబడిన ఒక స్త్రీ కథ ఉన్నది. రాళ్ళతో కొట్టడానికి సిద్ధంగా ఉన్న గుంపును యేసు ఒక్క మాటతో నిరుత్తరులను చేస్తాడు. పెద్దలు మొదలుకొని ఒక్కొక్కరే జారుకొంటారు. ఆయన ఆమెకు శిక్ష విధించడు. ఇక పాపం చేయవద్దని చెప్పి పంపివేస్తాడు. బైబిలు ఎరుగని వారికి సైతం తెలిసిన కథ ఇది. అయితే 4వ శతాబ్దికి చెందిన సుప్రసిద్ధ సినాయి ప్రతిలో గాని, వాటికన్ ప్రతిలో గాని ఈ కథ కనిపించదు. అంతకంటె ప్రాచీనమైన పపైరస్ ప్రతులలోనూ లేదు. ఇది తరువాతి కాలంలో సువార్తలో చేరినదని నేటి పరిష్కర్తలలో అధికుల అభిప్రాయం. కాని సెయింట్ అగస్టీన్ (354–430) దీనికి వేరొక కారణం ఊహించాడు. విశ్వాసం చాలని కొందరు మగవారు, ఈ కథ వింటే తమ భార్యలకు పాపం చేయడానికి అనుమతి దొరికినట్లవుతుందని భయపడి, తమ ప్రతులలో నుండి దానిని తొలగించి ఉంటారని ఆయన భావించాడు. పాఠపరిష్కరణ శాస్త్రం దృష్టిలో అగస్టీన్ ఊహ నిలవకపోవచ్చు. మనుష్యస్వభావాన్ని గురించిన పరిశీలనగా మాత్రం అది నేటికీ నిలుస్తుంది. ఆ కథలో స్త్రీతో పాటు పట్టుబడవలసిన పురుషుడు ఎక్కడా కనిపించడన్న సంగతిని విద్యార్థినులు మా కంటె ముందే గమనించి ఉంటారు.

ఇక 'తప్పిపోయిన కుమారుడు' ఉపమానం. లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఈ కథను చాలామంది చిన్నకొడుకు ఇల్లు చేరడంతోనే ముగిసినదనుకొంటారు. తండ్రి బ్రతికి ఉండగానే ఆస్తి పంచుకొని, పరదేశంలో తగలబెట్టి, పందులు మేపే స్థితికి దిగజారి, పాలేరుగానైనా ఉంటానని మాటలు కూర్చుకొని కొడుకు తిరిగివస్తాడు. తండ్రి దూరం నుండే చూచి పరుగెత్తుకొని పోతాడు. ఆ కాలపు సమాజంలో ఇంటి యజమాని, అందునా వయసు మళ్ళినవాడు, వీధిలో పరుగెత్తడమంటే పరువు తక్కువ. కొడుకు కూర్చుకొని వచ్చిన మాటలు పూర్తికాకముందే వస్త్రం, ఉంగరం, చెప్పులు, విందు అన్నీ సిద్ధమవుతాయి. విచారణ లేదు, లెక్క అడగడం లేదు.

కథకు ఆయువుపట్టు దీని తరువాత ఉన్నదని మా అభిప్రాయం. పొలం నుండి వచ్చిన పెద్దకొడుకు వాద్యాల చప్పుడు విని గుమ్మం బయటనే నిలిచిపోతాడు. ఇన్నేళ్ళు గొడ్డుచాకిరీ చేసిన తనకు స్నేహితులతో విందు చేసుకోవడానికి ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని తండ్రిని నిలదీస్తాడు. వచ్చినవానిని తమ్ముడని అనడానికి కూడా అతనికి నోరు రాదు. తండ్రికి కొడుకని మాత్రమే ప్రస్తావిస్తాడు. తండ్రి జవాబులో ఆ బంధుత్వాన్ని మెల్లగా సరిచేసి, తమ్ముడనే చెబుతాడు. తరగతిలో ఈ కథ వచ్చినప్పుడల్లా విద్యార్థులలో ఎక్కువమంది పెద్దకొడుకు పక్షమే వహిస్తారు. అందులో ఆశ్చర్యం లేదు. సుంకరులతోనూ పాపులతోనూ కలిసి భోజనం చేస్తున్నాడని తనపై సణుగుతున్న పరిసయ్యులకు, శాస్త్రులకు యేసు ఈ కథ చెప్పాడని లూకా మొదటనే స్పష్టం చేశాడు. అంటే కథ చెప్పబడినదే పెద్దకొడుకులకు. అతడు చివరకు ఇంటిలోనికి అడుగుపెట్టాడో లేదో లూకా వ్రాయలేదు.

మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల ఉపమానం ఇదే గాయాన్ని మళ్ళీ కెలుకుతుంది. తెల్లవారుజామున పనిలో దిగినవానికీ, ప్రొద్దు గ్రుంకడానికి గంట ముందు వచ్చినవానికీ యజమాని ఒకే దేనారం ఇస్తాడు. కూలిరేట్ల పద్ధతి తెలిసిన ఎవరికైనా ఇది అన్యాయంగానే తోస్తుంది. మొదటివానికి ఒప్పుకొన్న కూలిలో యజమాని పైసా తగ్గించలేదు, నిజమే. కాని కడపటివానికి ఇచ్చినది కూలి కాదు, కానుక. కూలి లెక్కతో కానుకను కొలవడమే అసంతృప్తికి మూలమని ఈ కథ సూచిస్తున్నది.

మరి న్యాయం మాటేమిటి? దేవుడు న్యాయాధిపతి కూడా కదా! ఇక్కడ క్రైస్తవం శిలువను చూపుతుంది. మానవుడు తీర్చలేని ఋణాన్ని మానవుడుగా అవతరించిన దైవమే తీర్చినదని 11వ శతాబ్ది చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ తర్కబద్ధంగా ప్రతిపాదించాడు. అనగా క్రైస్తవుని దృష్టిలో కృప ఉచితమే గాని వెలలేనిది కాదు. వెల వేరొకరు చెల్లించారు. ఇస్లాం ఈ మెట్టును అంగీకరించదు. అక్కడ తౌబా చేసిన దాసుని దేవుడు మధ్యవర్తి బలి ఏదీ లేకుండానే క్షమిస్తాడు. ఈ భేదాన్ని కప్పిపుచ్చి రెండూ ఒకటేనని చెప్పడం ఏ మతానికీ గౌరవం కాదు.

క్రైస్తవులలో క్రైస్తవులకే దీనిపై జరిగిన వాదాలు తక్కువేమీ కావు. బ్రిటన్ దేశం నుండి రోముకు వచ్చిన పెలాగియస్ అనే సన్న్యాసి, దేవుడు ఆజ్ఞాపించాడంటే దానిని నెరవేర్చే శక్తి మనిషికి ఉన్నట్లేనని వాదించాడు. సోమరితనానికి సాకు దొరకరాదని అతని తపన. మంచిని కోరుకోవడానికి కూడా కృప తోడు కావలెనని అగస్టీన్ ప్రతివాదం. 418లో కార్తేజి సభ పెలాగియస్ సిద్ధాంతాన్ని ఖండించింది. 1517లో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రాల విక్రయాన్ని ఎదిరించినప్పుడు మంటలు మళ్ళీ లేచాయి. ఆ డబ్బులో కొంత రోములోని సెయింట్ పీటర్స్ ఆలయ నిర్మాణానికి పోయేది. కృపకు ధర కట్టడం అంతకంటె బాహాటంగా మరెప్పుడూ జరిగి ఉండదు. దీనిపై చీలిన కాథలిక్, లూథరన్ సమాజాలు మనిషి నీతిమంతుడుగా ఎంచబడేది కృపవలననే అని ఉమ్మడి ప్రకటన చేయడానికి 1999 అక్టోబరు 31 దాకా పట్టింది.

జర్మనీలో హిట్లరు పాలనను ఎదిరించి 1945 ఏప్రిల్‌లో ఉరికంబమెక్కిన డీట్రిక్ బోన్హోఫర్ అనే పాస్టరు 1937లో వెలువరించిన గ్రంథంలో పాత భయానికి క్రొత్త పేరు పెట్టాడు: చవకబారు కృప. పశ్చాత్తాపం అడగని క్షమాపణను, జీవితాన్ని మార్చని విశ్వాసాన్ని ఆయన ఆ పేరుతో నిందించాడు.

అయినా మిగిలిపోయే ప్రశ్న ఒకటి ఉన్నది. పాపి దేవునికి మాత్రమే అపరాధి కాదు. అతని చేతిలో నష్టపోయిన మనిషి సంగతి ఏమిటి? లూకా 19వ అధ్యాయంలోని జక్కయ్య కథను మేము ఈ ప్రశ్నకు సమాధానంగా చదువుతాం. యెరికో పట్టణంలో సుంకాలు వసూలు చేసి ధనవంతుడైన ఈ పొట్టివాడు యేసును చూడడానికి మేడిచెట్టు ఎక్కుతాడు. యేసు అతనిని ఏ షరతూ అడగకుండా, అతని ఇంటికే అతిథిగా వస్తానంటాడు. జక్కయ్య ఆస్తిలో సగం పేదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని చెప్పడం ఆ తరువాతి సంగతి. చెల్లింపు చూచి కృప రాలేదు. కృప వచ్చిన ఇంటిలో చెల్లింపు మొదలయింది.

అందరి విషయంలోనూ అది ఆ పూటకు ఆ పూటే జరగదు. ఇంగ్లండుకు చెందిన జాన్ న్యూటన్ (1725–1807) నల్లజాతి బానిసలను రవాణా చేసే ఓడలలో పనిచేసినవాడు. 1748 మార్చిలో నడిసముద్రంలో తుఫానులో చిక్కి దేవుని కనికరం వేడుకొన్నాడు; అదే తన మారుమనస్సుకు ఆరంభమని చెప్పుకొన్నాడు. కాని ఆ తరువాతనే అతడు బానిస ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1754లో ఆ వృత్తి మానడానికి కూడా కారణం అనారోగ్యమే గాని అంతరాత్మ కాదు. 1764లో ఓల్నీ గ్రామంలో మతగురువయ్యాడు. ప్రపంచమంతటా పాడుకొనే 'అమేజింగ్ గ్రేస్' కీర్తన 1773 నూతన సంవత్సరాది ప్రార్థనకై అతడు రచించినదే. అప్పటికీ బానిస వర్తకాన్ని గురించి అతడు బహిరంగంగా నోరు విప్పలేదు.

నోరు విప్పినది 1788లో, ఓడ దిగిన 34 ఏండ్లకు. ఆఫ్రికా బానిస వర్తకంపై వ్రాసిన చిన్నపుస్తకంలో ఓడ అడుగు అరలలో మనుషులను ఎట్లు పేర్చేవారో, ఎట్లు హింసించేవారో, తన భాగస్వామ్యాన్ని దాచుకోకుండా వివరించాడు. ఆ వర్తకాన్ని విచారించిన పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. విల్బర్‌ఫోర్స్ అనే యువ సభ్యుడు రాజకీయాలు విడిచి మతసేవకు పోదామా అని 1785లో సలహా అడిగితే, పార్లమెంటులోనే ఉండి దేవుని పని చేయమని ప్రోత్సహించినవాడూ ఇతడే. తన ఓడలలో దాటించిన వారికి న్యూటన్ ఏమీ తిరిగి ఇవ్వలేకపోయాడు. వారెక్కడ ఏమయ్యారో అతనికి తెలియదు. బానిస వర్తకాన్ని నిషేధిస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1807 మార్చిలో శాసనం చేసింది. అప్పటికి చూపు దాదాపు పోయిన న్యూటన్ ఆ సంవత్సరం డిసెంబరులో మరణించాడు.