మంచు కురిసిననాడు మహానగరపు రైళ్లు

మనుచరిత్రము చదివినవారందఱును ప్రవరుని కష్టమును ఎఱుగుదురు. సిద్ధుడు ఇచ్చిన పసరు పాదములకు పూసికొని హిమగిరిని చేరిన యాతడు, మంచునీటికి ఆ పసరు కరగిపోగా ఇల్లు చేరు దారి కానక తల్లడిల్లెను. ఇంటికడ ముసలి తల్లిదండ్రులును, ఇల్లాలును, అగ్నిహోత్రమును ఆతనికై వేచియుండిరి. శీతలదేశముల మహానగరములలో నేటికిని కొన్ని శీతకాలములందు వేలకొలది జనులకు ప్రవరుని పాటే సంభవించుచున్నది. ఉదయమున రైలెక్కి పనికి పోయినవారు రాత్రికి ఇల్లు చేరలేకపోవుచున్నారు. లండను, బోస్టను, చికాగో, న్యూయార్కు ప్రాంతములలో అనేక తెలుగు కుటుంబములు కాపురముండుటచే ఈ సంగతి మనకును దూరపుది కాదు. దూదిపింజెవలె తేలికయైన మంచు అంత ఇనుపబండిని ఎట్లు నిలుపగలుగుచున్నదో, దానికి ప్రతిక్రియ యేమో విచారింతము.

బండి నిలుచుటకు మంచు కొండవలె పడనక్కఱలేదు. అది చిన్న సందులను వెదకి దూరును. రైలు ఒక బాటనుండి మఱియొక బాటకు మళ్లుచోట కదలెడి పట్టాలు ఉండును. వీనిని పాయింట్లు అందురు. కదలెడి పట్టా స్థిరమైన పట్టాకు గట్టిగా అంటుకొన్నగాని బండి పోరాదు. తలుపునకును ద్వారబంధమునకును నడుమ గులకరాయి పడిన తలుపు మూతపడనట్లే, ఆ రెండు పట్టాల నడుమ మంచు బిగిసిన పాయింటు మూతపడదు. అప్పుడు సిగ్నలు ఎఱ్ఱగానే నిలుచును. ఇందులకై పాయింట్లకడ వేడిచేయు సాధనములు అమర్తురు. 2019 జనవరిలో చికాగో నగరమున చలి సున్నకు దిగువ 30 డిగ్రీలవఱకు పోయినప్పుడు, పట్టాల ప్రక్కన గ్యాసుమంటలు మండుచున్న చిత్రములు లోకమంతటను ప్రచురితములయ్యెను. పట్టాలు తగులబడినవని కొందఱు భ్రమించిరి. అవి రైల్వేవారే వెలిగించిన కుంపట్లు.

చలికి ఇనుము కుంచించుకొనును. మన కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీళ్లు పోయుటయు ఈ గుణమును నమ్మియే. రైలుపట్టాలును అట్లే కుంచించుకొని, ఒక్కొక్కప్పుడు బలహీనమైన చోట పగులును.

అన్నిటికంటె చిక్కైనది విద్యుత్తు అందకపోవుట. దక్షిణ లండను ప్రాంతపు రైళ్లకు తలపై తీగ ఉండదు. పట్టాల ప్రక్కన మూడవ పట్టా యొకటి యుండి, అందు సుమారు 750 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. బండి క్రిందనున్న ఇనుపపాదుక దానిని రాచుకొనుచు శక్తిని గ్రహించును. ఆ పట్టాపై పలుచని మంచుపొర గడ్డకట్టిన చాలును. మసిపట్టిన చిమ్నీలో దీపమువలె, శక్తి ఉండియు వెలికి రాదు. అందుచేతనే చలిరాత్రులందు ప్రయాణికులు లేకున్నను ఖాళీ బండ్లను త్రిప్పుచుందురు. మంచు పట్టకుండ చేయు ద్రవమును పట్టాలపై చల్లుదురు.

మంచులోను భేదములు కలవు. తడిమంచు బరువుగా పడి అక్కడనే నిలుచును. పొడిమంచు పిండివలె ఎగిరి, మోటారును చల్లబఱచుటకై గాలి పీల్చు రంధ్రములలో దూరి, లోపల కరగి, మోటారును చెఱచును. 1991 ఫిబ్రవరిలో ఇంగ్లండున పెక్కు బండ్లు ఇట్లే చెడినవి. రైల్వే అధికారి ఆ మంచు తీరే వేఱని చెప్పగా పత్రికలు ఎగతాళి చేసినవి. ఎగతాళి ఎట్లున్నను ఆయన చెప్పినది సత్యమే.

ఈ యాపద క్రొత్తది కాదు. 1888 మార్చిలో న్యూయార్కును గొప్ప మంచుతుపాను ముంచెను. తూర్పుతీరమున మొత్తము సుమారు 400 మంది మరణించిరి. ఆ కాలమున ఆ నగరపు రైళ్లు స్తంభములపై, వీధులకు ఎత్తున నడచుచుండెడివి. అవి నడుమ నిలిచిపోగా, కొందఱు నిచ్చెనలు వేసి, రుసుము పుచ్చుకొని ప్రయాణికులను దింపిరి. నేలక్రింద రైలు కావలెనను వాదమునకు ఆ తుపాను బలమిచ్చెను. 1904 అక్టోబరు 27వ తేదీన న్యూయార్కున సొరంగపు రైలు ప్రారంభమయ్యెను.

అయినను సొరంగముతో చింత తీరలేదు. లండనులో నేలక్రింది రైలని పేరుగల మార్గములందు సగమునకు మించిన భాగము నేలపైననే ఉన్నది. 2009 ఫిబ్రవరి 2వ తేదీన పడిన మంచుకు ఆ రైళ్లలో చాలభాగము స్తంభించెను. నగరపు బస్సులన్నియు నిలిచెను. బోస్టనులో 2015 శీతకాలమున మొత్తము 110.6 అంగుళముల మంచు, అనగా తొమ్మిదడుగులకు పైగా, కురిసెను. ఫిబ్రవరి 10వ తేదీన ఆ నగరపు రైళ్లన్నిటిని దినమంతయు ఆపివేసిరి. పాతబడిన బండ్లు, పాత మోటార్లు ఆ దెబ్బకు తాళలేకపోయినవి. ఇంట కూర్చుండి పని చేయగలవారికి అది సెలవుదినము. ఆసుపత్రిలో రోగిని కనిపెట్టు నర్సుకును, కచేరీలు ఊడ్చి గంటకింతయని కూలి తీసికొను స్త్రీకిని అది జీతపు కోత.

ఇంతకంటె తలపోయదగినది 2018 మార్చి 2వ తేదీ సాయంకాలమున దక్షిణ లండనులోని లూయిషాం కడ జరిగినది. మూడవ పట్టాపై మంచు పట్టుటచే ఒక బండి కదలలేకపోయెను. వెనుకవచ్చు బండ్లును వరుసగా నిలిచెను. జనము క్రిక్కిఱిసి గంటలకొలది నిలుచుండిరి. ఎప్పుడు కదలుదురో తెలియదు. ఓర్పు నశించి కొందఱు తలుపులు తామే తెఱచికొని బాటపైకి దిగిరి. ఆ మూడవ పట్టాలో విద్యుత్తు ఇంకను ఉండెను. తగిలిన ప్రాణము పోవును. వారిని కాపాడుటకై విద్యుత్తును ఆపవలసివచ్చెను. అంతట తక్కిన బండ్లవారికిని ఆలస్యము హెచ్చెను. దైవవశమున ఎవరును మరణింపలేదు. తరువాత విచారణ చేసిన ప్రభుత్వశాఖ, రైళ్లను నడుపువారి నడుమ సమాచారము సరిగా సాగకపోవుటను లోపముగా ఎత్తిచూపెను.

ఇక జపానులోని సప్పోరో నగరమును చూడుడు. అచ్చట ఏటేట సుమారు 5 మీటర్ల మంచు కురియును. 1972 శీతకాలపు ఒలింపిక్సుకు ముందు, 1971 డిసెంబరులో అచ్చట రబ్బరుచక్రములతో నడచు సొరంగపు రైలును ప్రారంభించిరి. ఆ బాట నేలపైకి వచ్చిన భాగమంతటికిని అల్యూమినియపు కప్పు వేసిరి. వానకాలమునకు ముందే ఇల్లు కప్పించుకొను గృహస్థువలె ఆ నగరమువారు మెలగిరి.

ప్రతి నగరమును ఇట్లు చేయవచ్చునా యని అడుగవచ్చును. ఏడాదికి రెండుమూడు దినములు మాత్రమే మంచు పడుచోట బాటలన్నిటికిని కప్పు వేయుట ధనమును వ్యర్థపుచ్చుటయే యగును. ఆ లెక్క తప్పు కాదు. కాని నిలిచిన బండిలోని చంటిబిడ్డ తల్లికిని, వృద్ధునికిని జరుగుచున్న సంగతిని ఎప్పటికప్పుడు నెమ్మదిగా తెలుపుటకు, వెచ్చదనము, మంచినీరు అందించుటకు, దగ్గఱ స్టేషనుకు క్షేమముగా నడిపించుటకు కోట్లు అక్కఱలేదు. ముందుగా ఏర్పఱచుకొన్న కట్టుబాటు చాలును. లూయిషాములో జనులను బాటపైకి దింపినది మంచు ఒక్కటియే కాదు. ఎంతసేపని తెలియని నిరీక్షణము.

మన బిడ్డలు ఆ దేశములందు ఉన్నచో వారికి రెండు మాటలు వ్రాయుదము. మంచుదినములందు ఇల్లు వెడలునప్పుడు చేసంచిలో ఉన్నిశాలువ, మంచినీరు, కొలదిగా తినుబండారము ఉంచుకొనవలెను. బండి నిలిచినను, రైల్వేవారు స్వయముగా దింపినగాని బాటపై అడుగిడరాదు. ఇంటికడ ఎదురుచూచు మనకు ఆలస్యము బాధయే. వారు క్షేమముగా చేరుటకంటె మనకు కావలసినది మఱి లేదు.