క్లచ్ లేని కారులో ఎడమ కాలికి పని లేదు

ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో అప్పుడప్పుడే వెలుతురు పడుతుంటుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్ చేసేవాళ్లు, చెట్ల కింద వ్యాయామం చేసే కుర్రాళ్లు, వాళ్ల పక్క నుంచి నెమ్మదిగా పోయే 'ఎల్' బోర్డు కార్లు. తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి ఇళ్లలో చాలామంది మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నది ఈ రోడ్ల మీదే. ఇప్పుడు ఆ కార్లలో ఆటోమేటిక్‌లు కూడా బాగానే కనిపిస్తున్నాయి.

అలాంటి ఒక కారులో కూతురికి నేర్పిద్దామని వచ్చిన తండ్రి, ముందు తానే ఒక రౌండు వేసి చూపిద్దామనుకున్నాడు. పాతికేళ్లుగా మాన్యువల్ నడిపిన మనిషి. స్పీడ్ బ్రేకర్ రాగానే అలవాటు కొద్దీ ఎడమ కాలితో క్లచ్ తొక్కాడు. అక్కడ క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేకు ఉంది. కారు ఠక్కున ఆగింది. వెనక సీట్లో అమ్మీ చేతిలోని ఫ్లాస్కు కింద పడింది. "అబ్బా, నేర్చుకునేది నేనా, మీరా?" అని కూతురు నవ్వింది. వెనకాలే బైకు ఏదీ రావడం లేదు కాబట్టి నవ్వుతో పోయింది.

ఆటోమేటిక్ గురించి అందరూ అనే మాట ఒకటే. "ఏముంది, ఎక్సలేటర్ నొక్కితే పోతుంది, బ్రేకు నొక్కితే ఆగుతుంది." నిజమే. కానీ ఆ రెండింటిలో మన కాలు దేని మీద ఉందన్న దగ్గరే ప్రమాదమంతా ఉంది. ఈ విషయంలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కంటే పాత డ్రైవర్లే ఎక్కువ జాగ్రత్త పడాలి. వాళ్ల కాళ్లకు మూడు పెడళ్ల కారు అలవాటు.

మాన్యువల్‌లో ఇంజన్‌ను చక్రాల నుంచి విడదీసే పని ఎడమ కాలిది. ఆటోమేటిక్‌లో ఆ పని కారే చూసుకుంటుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న కార్లలో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నూనె తిరుగుతుంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అలాగన్నమాట. అందుకే డీలో పెట్టి బ్రేకు వదిలితే చాలు, ఎక్సలేటర్ ముట్టకపోయినా కారు ముందుకు పాకుతుంది. సీవీటీలో గేర్లకు బదులు పుల్లీలు, బెల్టు ఉంటాయి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర జనంలోకి వచ్చిన ఏఎంటీ వేరే రకం. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్స్, మామూలు క్లచ్చే. వాటిని కదిపే పని మాత్రం మన కాలు, చెయ్యి కాకుండా యంత్రం చేస్తుంది. ధర తక్కువ కాబట్టి మధ్యతరగతి ఇళ్లకు ఆటోమేటిక్ చేరింది ఎక్కువగా దీనివల్లే.

అసలు ఆటోమేటిక్ పాతదే. అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ కార్ల కోసం హైడ్రామాటిక్ గేర్‌బాక్స్‌ను జనరల్ మోటార్స్ ప్రకటించింది 1939లో. మన ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైందీ ఆ ఏడాదే!

కాళ్ల సంగతికి వద్దాం. నియమం చిన్నది. బ్రేకుకైనా ఎక్సలేటర్‌కైనా కుడి కాలే. ఎడమ కాలు పక్కనున్న ఫుట్‌రెస్టు మీద పెట్టి మర్చిపోవాలి. అలవాటు పోని వాళ్లు మొదటి నాలుగు రోజులు ఎడమ కాలు మోకాలు మడిచి సీటు దగ్గరకు లాక్కుని కూర్చుంటే మంచిది. ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు ఎక్సలేటర్ మీద పెట్టి నడిపితే కంగారులో రెండూ ఒకేసారి నొక్కుతారు.

కుడి మడమ నేలకు ఆనించి బ్రేకుకు ఎదురుగా ఉంచుకోవాలి. ఎక్సలేటర్ కావాలంటే పాదాన్ని అటు తిప్పాలి, మళ్లీ బ్రేకు దగ్గరకు తెచ్చుకోవాలి. మడమ గాల్లో ఉన్నప్పుడే, రివర్స్ చేస్తూ వెనక్కి తిరిగి చూస్తున్నప్పుడే పాదం పక్క పెడల్ మీదకు జారిపోతుంది. అప్పుడు జరిగేది ఇదీ: బ్రేకు నొక్కాననుకుంటారు, కారు మాత్రం దూకుతుంది. బ్రేకు పట్టడం లేదని భయపడి ఇంకా గట్టిగా తొక్కుతారు. నొక్కుతున్నది ఎక్సలేటర్ అని తెలిసేలోపే గోడ వచ్చేస్తుంది. ఇంటి గేటు దగ్గర, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ చేసేటప్పుడు తెలిసిన చోటే కదా అని ధీమాగా ఉండటం అందుకే పనికిరాదు.

ఇది పొరపాటు చేసిన వాళ్లు కూడా నమ్మలేని పొరపాటు. అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతట అవే దూసుకుపోతున్నాయని 1986లో టీవీలో కథనం వచ్చి పెద్ద గొడవైంది. అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ 1989లో ఇచ్చిన నివేదికలో ఇలాంటి ఘటనలకు ఎక్కువగా కారణం ఒక పెడల్ అనుకుని ఇంకోటి తొక్కడమేనని తేల్చింది. ఇప్పుడు కార్లలో బ్రేకు నొక్కితే తప్ప లివర్ పీ నుంచి కదలకుండా ఉండే లాక్ అప్పట్లో ముదిరిన ఈ గొడవతోనే పేరుకెక్కింది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల డ్రైవర్ కారు ఒక తల్లినీ మూడేళ్ల పాపనూ బలితీసుకుంది. కారులోనే లోపముందని ఆయన వాదించాడు. బ్రేకు అనుకుని ఎక్సలేటర్ తొక్కాడని 2021లో కోర్టు తేల్చి, ఐదేళ్ల శిక్ష వేసింది.

ఆడవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. అబాయా, బుర్ఖా అంచు మడమ కిందకో, పెడల్ మీదకో రాకుండా కూర్చోగానే మోకాళ్ల దాకా సర్దుకోవాలి. మగవాళ్ల వదులు చెప్పులదీ ఇదే సమస్య. డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్ల సీసా దొర్లకూడదు. అది బ్రేకు వెనక ఇరుక్కుంటే పెడల్ దిగదు.

ఇంత జాగ్రత్తలోనూ కారు ఒక్కసారిగా ఉరికితే? కాళ్లు రెండూ పైకి తీసేయాలి, తర్వాత బ్రేకు వెతికి గట్టిగా తొక్కాలి, లివర్ ఎన్‌లోకి నెట్టాలి. చాలా కార్లలో డీ నుంచి ఎన్‌కు వెళ్లడానికి బటన్ నొక్కనవసరం లేదు, ముందుకు తోస్తే చాలు. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. చక్రాలకు బలం అందదు. ఈ పని పక్క సీట్లో ఉన్నవాళ్లూ చేయగలరు. కూతురికి నేర్పే తండ్రి, భార్యకు నేర్పే భర్త బండి కదలకముందే లివర్ ఎటు తోయాలో ఒకటి రెండుసార్లు చేసి చూసుకోవాలి. నడుస్తున్నప్పుడు ఇంజన్ మాత్రం ఆఫ్ చేయొద్దు, స్టీరింగ్ బరువెక్కిపోతుంది.

ఇక పీ సంగతి. పీలో పెట్టగానే గేర్‌బాక్స్ లోపల చిన్న లోహపు కొక్కెం ఒకటి పళ్ల చక్రంలో ఇరుక్కుని కారును ఆపుతుంది. ఏటవాలు రోడ్డు మీద బండి బరువంతా ఆ కొక్కెం మీదే వేస్తే, తర్వాత లివర్ లాగేటప్పుడు 'ఢక్' మంటుంది. సరైన వరుస ఇది: బ్రేకుతో పూర్తిగా ఆపి, ఎన్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు కాస్త వదిలి బరువు హ్యాండ్‌బ్రేక్ మీద పడనిచ్చి, మళ్లీ బ్రేకు నొక్కి పీలోకి మార్చాలి. కారు కదులుతుండగా పీ గానీ, ఆర్ గానీ వేయకూడదు. చాలా ఏఎంటీ కార్లలో పీ ఉండనే ఉండదు. అక్కడ హ్యాండ్‌బ్రేకే దిక్కు. ఇంజన్ ఆపేముందు గేరులో ఉంచాలా వద్దా అన్నది ఆ కారు పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్న రోజు ప్లాస్టిక్ కవర్‌తో సహా డాష్‌బోర్డులో పెట్టి మర్చిపోయే పుస్తకం అదే.

రంజాన్‌లో ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు తార్నాక రోడ్డు పక్కన చూడండి. ఏసీ ఆన్‌లో, పిల్లలు లోపల, "ఒక్క నిమిషం, హలీమ్ పార్సెల్ తెచ్చేస్తా" అని దిగిపోయే మనిషి. లివర్ డీలోనే ఉండిపోతే కారు తనంతట తానే బయల్దేరుతుంది. 2016లో లక్షల జీప్ గ్రాండ్ చెరోకీలను, ఇతర కార్లను వాటి కంపెనీ వెనక్కి పిలిచింది ఇందుకే. వాటి లివర్ చూస్తే ఏ గేరులో ఉందో సరిగా తెలిసేది కాదు, పీలో ఉందనుకుని దిగినవాళ్ల మీదికి కారు దొర్లేది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, తాళం చేతిలో పట్టుకుని దిగితే పది సెకన్లు పడుతుంది.

మెట్టుగూడ నుంచి ఉప్పల్ వైపు మెట్రో పిల్లర్ల కింద సాయంత్రం ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ హాయి తెలుస్తుంది. అక్కడ పాకే వేగమే చాలు, బ్రేకు మీద పాదం వదిలి పట్టుకుంటూ పోవచ్చు. చిన్న సిగ్నల్‌కు డీలోనే బ్రేకు నొక్కి ఉండొచ్చు. నిమిషం దాటేలా ఉంటే ఎన్, హ్యాండ్‌బ్రేక్. లాలాపేట వంతెన, అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కుతూ జామ్‌లో ఆగినప్పుడు మాత్రం చాలామంది బ్రేకు వదిలేసి, ఎక్సలేటర్ కొంచెం కొంచెం ఇస్తూ కారును గాల్లో నిలబెట్టినట్టు నిలబెడతారు. ఏఎంటీలో అలా చేస్తే క్లచ్ అరుగుతుంది, కాలిన వాసన వస్తుంది, మార్పించే ఖర్చు మనదే. బ్రేకుతోనే ఆపాలి. కదిలేటప్పుడు వెనక్కి జారుతుందనిపిస్తే హ్యాండ్‌బ్రేక్ సాయం తీసుకోవాలి.

దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఎన్‌లో పెట్టడం ఇంకో అలవాటు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలితే పెట్రోలును దాదాపు ఆపేస్తాయి. ఎన్‌లో ఉంటేనే ఇంజన్ తిరగడానికి పెట్రోలు కావాలి. పైగా ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

లైసెన్సు విషయంలో మన దేశంలో కార్లకు మాన్యువల్, ఆటోమేటిక్ అని తేడా లేదు, రెండింటికీ ఎల్ఎంవీ ఒకటే. ఆటోమేటిక్ మాత్రమే నేర్చుకున్న పిల్లకు చట్టం అడ్డు చెప్పదని మామయ్య పాత మాన్యువల్ కారు తాళాలు ఇచ్చేయడం తెలివైన పని కాదు. లెర్నింగ్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. అప్పటిదాకా ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' ఉండాలి, పక్కన లైసెన్సున్న పెద్దమనిషి ఉండాలి. పొద్దున్నే కదా, క్యాంపస్సే కదా అని ఇవి వదిలేసేవాళ్లున్నారు. అవి జనం నడిచే రోడ్లు. పద్దెనిమిది నిండని అబ్బాయికి స్టీరింగ్ ఇచ్చి ఏదైనా జరిగితే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడుతుంది.

ఫ్లాస్కు పడిన రోజు తర్వాత ఆ తండ్రి పద్ధతి మార్చాడు. మరుసటి ఉదయం ఖాళీ రోడ్డు మీద అరగంట సేపు కూతుర్ని ఎక్సలేటర్ ముట్టనివ్వలేదు. డీలో పెట్టడం, బ్రేకు మెల్లగా వదలడం, పాకనివ్వడం, ఆపడం. తర్వాత ఆర్‌లో అదే పని. రెండో వారంలో ఎక్సలేటర్, ఆ తర్వాత పార్కింగ్. తార్నాక చౌరస్తాకు తీసుకెళ్లింది ఒక ఆదివారం పొద్దున, బస్సులు పలచగా ఉన్నప్పుడు. ఈసారి పక్క సీట్లో కూర్చున్నది ఆయన. ఎడమ కాలు మడిచి సీటు దగ్గరే పెట్టుకున్నాడట.