సీసం తూటాలకు పూత వేస్తే ప్రమాదం పోతుందా?

అమెరికాలో షూటింగ్ సాధన చేసేవారిలో కొందరు సీసం తూటాలను ఇంట్లోనే పోసుకుంటారు. సొంత వాడకానికైతే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకం వ్యాపారంగా చేస్తే మాత్రం తప్పనిసరి. అక్కడున్న మీరో, మీ బంధువులో ఈ సరదా మొదలుపెడుతుంటే ముందు ఇవి తెలుసుకోండి.

పూత ఎందుకు?

సీసం మెత్తటి లోహం. తూటా దూసుకెళ్లేటప్పుడు తుపాకీ గొట్టం లోపల అంటుకుంటుంది. అందుకే కొందరు పౌడర్ కోటింగ్ వేసి ఓవెన్‌లో కాలుస్తారు. దీంతో గొట్టానికి అంటడం, చేతికి సీసం తగలడం తగ్గుతాయి.

మరి ప్రమాదం ఎక్కడ?

పూతకు ముందే. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పైన తేలే తెట్టు తీసేటప్పుడు సన్నటి దుమ్ము లేస్తుంది. అది బట్టలు, చెప్పులతో ఇంట్లోకి వస్తుంది. పాకే పిల్లలు నేల తాకిన చేతులనే నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణి ఒంట్లో చేరితే కడుపులో బిడ్డకూ వెళ్తుంది. లక్షణాలు వెంటనే కనిపించకపోవచ్చు.

ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

* వంటింట్లో, పిల్లలు తిరిగే చోట సీసం కరిగించొద్దు.
* ఈ పనికి వాడిన ఓవెన్‌ను, గిన్నెలను మళ్లీ వంటకు వాడొద్దు.
* కరిగిన సీసంలో నీటి చుక్క పడినా ఆవిరి పేలి సీసం ఎగజిమ్ముతుంది.
* చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

పరీక్ష ఎలా?

పిల్లల డాక్టర్‌కు ఇంట్లో సీసం పని జరుగుతోందని చెప్పి రక్త పరీక్ష అడగండి. వేలి చుక్కతో చేసిన పరీక్షలో ఎక్కువ వస్తే నరం నుంచి రక్తం తీసి నిర్ధారిస్తారు. పిల్లల్లో డెసీలీటర్‌కు 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే శ్రద్ధ పెట్టాలని అమెరికా సీడీసీ 2021లో సూచించింది. అంతకన్నా తక్కువైతే సురక్షితమని కాదు. సందేహాలుంటే అమెరికా పాయిజన్ హెల్ప్‌లైన్ 1-800-222-1222కు ఫోన్ చేయొచ్చు.

ఇండియాలో చేయొచ్చా?

కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాల తయారీ నేరం. 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. తూటాల భాగాలు, తయారీ యంత్రాలు కూడా చట్టం దృష్టిలో మందుగుండే. అందుకే సెలవులకు వచ్చే ముందు షూటింగ్‌కు వాడిన బ్యాగును ఖాళీ చేసి చూసుకోండి. మరిచిపోయిన ఒక్క తూటాతోనూ విమానాశ్రయంలో కేసు కావచ్చు.